ఓటమి లెక్కలు, వాడల లెక్కలు

ఓడిపోయిన పార్టీకి సలహాలు చెప్పేవాళ్ళకు మన రాష్ట్రంలో ఎన్నడూ కరువు లేదు. 2024 జూన్ 4న ఫలితాలు వచ్చినప్పటి నుంచీ పత్రికల్లో, సభల్లో, పార్టీ ఆఫీసుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతున్నది. పేదల పార్టీగా పేరు తెచ్చుకున్న పార్టీ చెదిరిపోయిన తన ఓటర్ల కూటమిని మళ్ళీ ఎట్లా కట్టుకోవాలి? 2019లో దాదాపు 50 శాతం ఓట్లతో 151 స్థానాలు గెలిచిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, 2024లో 39 శాతం పైచిలుకు ఓట్లు తెచ్చుకుని కూడా 11 స్థానాలకు దిగింది. ఆ పార్టీ ఏ ఓట్లను వారసత్వంగా తీసుకున్నదో ఆ కాంగ్రెసు పరిస్థితి ఇంకా అన్యాయం. 2014లో అసెంబ్లీకి గానీ పార్లమెంటుకు గానీ ఇక్కడి నుంచి ఒక్కరినీ పంపలేకపోయింది. 2019లో ‘పైవారెవరూ కాదు’ అన్న మీటకు పడిన ఓట్లు కూడా దానికి పడలేదు.

ఈ రెండు పార్టీలనూ మేం ఒక గాటన కడుతున్నామని ఇద్దరి అభిమానులకూ కోపం రావచ్చు. సిద్ధాంతాల సంగతి ఎట్లున్నా, ఇద్దరి నడకా ఒకటే. పేదల సంక్షేమం గురించి గట్టిగా మాట్లాడటం, ఆస్తి సంబంధాల జోలికి మాత్రం పోకపోవడం, నాయకత్వం ఒక అగ్రకులం చేతిలో ఉంచుకుని దళితులనూ ముస్లింలనూ కొన్ని వెనుకబడిన కులాలనూ వెంట నడిపించుకోవడం. పండితులు దీన్ని మధ్యేవామపక్షం అంటారు. మా వైపు పల్లెల్లో దీనికి పేరేమీ లేదు, మనిషిని బట్టి చెప్పుకుంటారు.

చర్చలో వాడుతున్న మాటలనే ముందు చూద్దాం. ‘ఎస్సీ ఓటు బ్యాంకు చెక్కుచెదరలేదు’ అని ఒకరు, ‘గండి పడింది’ అని ఇంకొకరు. బ్యాంకయితే డిపాజిట్టు చేసినవాడికి వడ్డీ రావాలి గదా! డిపాజిట్టు ఎవరిదో, వడ్డీ ఎవరికి పోతున్నదో ఈ మాట వాడేవాళ్ళు ఎప్పుడూ చెప్పరు. చెరువయితే గండి పూడ్చడానికి నాలుగు తట్టల మట్టి చాలు. ఆ మట్టి ఎత్తేదీ మాలమాదిగలే. ఓటరు ఎందుకు పోయినాడని అడగకుండా ఎట్లా తెచ్చుకోవాలని అడగటంలోనే ఈ సాహిత్యమంతటి లోపమూ ఉన్నది. పోయినవాడికి ఒక లెక్క ఉంటుందనీ, అది కులసమీకరణం కాయితం మీద దొరకదనీ వీళ్ళకు తట్టలేదు.

అందరూ చూపించే ఒక అంకె ఉంది. రాష్ట్రంలో 29 ఎస్సీ రిజర్వుడు స్థానాలుండగా 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు 27 గెలిచింది, 2024లో బద్వేలు, యర్రగొండపాలెం అనే రెండే మిగిలినాయి. ‘చూసినారా, దళితులు వదిలేసినారు’ అని తేల్చేసినారు. మా అభిప్రాయంలో ఈ అంకె ఆ సంగతిని చెప్పదు. రిజర్వుడు స్థానంలో నిలబడేవాడు దళితుడు, గెలిపించేవాళ్ళలో ఎక్కువమంది దళితేతరులు. 1932 పూనా ఒప్పందం మనకిచ్చిన ఏర్పాటే అది. ఉమ్మడి నియోజకవర్గంలో దళిత ప్రతినిధి దళితేతర ఓటరుకు జవాబుదారీ అవుతాడని అంబేడ్కర్ 1945లో కాంగ్రెసు మీద రాసిన పుస్తకంలో వాదించినాడు. 1982లో కాన్షీరాం ‘చంచా యుగం’ రాసింది కూడా దీనిమీదే. 27 నుంచి రెండుకు పడిపోవడం దళితుల మనసు మారిందనడానికి రుజువు కాదు. రిజర్వుడు స్థానాల్లో దళితుల మనసుతో పనిలేకుండానే గెలుపోటములు జరుగుతాయనడానికే అది రుజువు. దళితులు మారినారా లేదా అన్నది ఆ 29 స్థానాల లెక్కలో కనిపించదు. దాన్ని వాడల్లోకి పోయి వెతకాలి.

అందుకని గంగవరం వైపు నుంచి చూస్తాం. గంగవరం అనగానే చాలామందికి విశాఖ దగ్గరి ఓడరేవు గుర్తొస్తుంది. మేం చెప్పేది చిత్తూరు జిల్లాలో పలమనేరును ఆనుకుని ఉన్న మెట్టప్రాంతపు మండలం. టమోటా, పట్టుపురుగులు, పాడి ఆవులు, అవి కలిసిరానప్పుడు బెంగుళూరు బస్సు. ఇక్కడి దళితవాడలకు కాయితాల్లో ఆదిఆంధ్రవాడ అనీ, అరుంధతివాడ అనీ పేర్లున్నాయి. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ తదితరులు పైకెత్తిన ‘ఆదిఆంధ్ర’ పేరు రెవెన్యూ రికార్డులో చేరి, బస్సు కండక్టరు నోట పొట్టి అక్షరాలయి ఇంకా బతికే ఉంది. పేరు బతికింది గానీ ఆ పేరు వెనకున్న హక్కుదారీ మాట ఎక్కడో జారిపోయింది.

గంగవరం ఇప్పుడు పలమనేరు అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. ఈ నియోజకవర్గం 2004 ఎన్నికల దాకా ఎస్సీ రిజర్వుడు. తెలుగుదేశం నుంచి పట్నం సుబ్బయ్య, లలితకుమారి, కాంగ్రెసు నుంచి డాక్టర్ తిప్పేస్వామి గెలిచిన సీటు ఇది. 2008 పునర్విభజనలో అసెంబ్లీ సీటు జనరల్ అయిపోయి, చిత్తూరు పార్లమెంటు సీటు ఎస్సీ రిజర్వుడయింది. కాయితం మీద చూస్తే మార్పిడి సమానమే, పైగా చిన్నది పోయి పెద్దది వచ్చినట్టు. కానీ తాసిల్దారు బదిలీ, పోలీసు స్టేషను, రేషను డీలరు, ఇంటిపట్టా, పనుల బిల్లు, ఇవన్నీ నడిచేది ఎమ్మెల్యే మాట మీద. ఎంపీ వస్తాడు, దండ వేయించుకుంటాడు, పోతాడు. నిజమైన తాళంచెవి జనరల్ అయింది, అలంకారం రిజర్వుడయింది.

2009 తర్వాత పలమనేరులో ఎవరు గెలిచినారో చూడండి. 2009లో తెలుగుదేశం నుంచి ఎన్. అమరనాథరెడ్డి. 2014లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు నుంచి అదే అమరనాథరెడ్డి. 2016లో ఆయన తిరిగి తెలుగుదేశంలోకి పోయినాడు, 2017లో మంత్రి అయినాడు. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు నుంచి వెంకటేగౌడ. 2024లో మళ్ళీ తెలుగుదేశం నుంచి అమరనాథరెడ్డి. ఆ నాయకుడి మంచిచెడ్డల జోలికి మేం పోవడం లేదు. మా ప్రశ్న వేరు. ఒకే మనిషి ఈ జెండాతో ఒకసారి, ఆ జెండాతో ఒకసారి గెలవగలిగినప్పుడు ‘పార్టీ ఓటర్ల కూటమి’ అనేది ఎక్కడ ఉన్నట్టు? రాజధానిలో కూర్చుని ‘మా సామాజిక పునాది’ అనుకునేది ఇక్కడికొచ్చేసరికి ఒక కుటుంబం చుట్టూ అల్లుకున్న బాకీలు, మొహమాటాలు, భయాలు, ఉపకారాలు. పార్టీ ఓడిపోతే ఈ అల్లిక చెదరదు, కొత్త జెండా కిందికి మారుతుంది, అంతే. కూటమి కట్టుకోవడమంటే ఆ నాయకుణ్ణి మళ్ళీ తెచ్చుకోవడమేనని పార్టీలు అనుకోవడంలో అందుకే ఆశ్చర్యం లేదు.

ఇంతకుముందు ఇట్లాంటి ఓటముల నుంచి ఎట్లా లేచినారు? 1983లో 60 స్థానాలకు పడిపోయిన కాంగ్రెసు 1989లో 181 తెచ్చుకుని లేచింది. ఈ మధ్య కాలంలో దళితుల వైపు ఏం జరిగింది? 1985 జులై 17న కారంచేడు, ఆరుగురి హత్య. దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం రాష్ట్రమంతా తిరిగినారు. తెలుగుదేశం పాలన మీద పుట్టిన ఆ కోపం ఓట్లరూపంలో కాంగ్రెసుకు ఉచితంగా అందివచ్చింది. అది కాంగ్రెసు సంపాదించుకున్నది కాదు, ఏరుకున్నది. రెండేళ్ళు తిరక్కుండానే 1991 ఆగస్టు 6న కాంగ్రెసు ప్రభుత్వమే ఉన్నప్పుడు చుండూరు జరిగింది. ఎనిమిదిమందిని చంపినారు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ముద్దాయిలందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎదుటివాడి మీది కోపంతో కట్టిన కూటమి ఎంతకాలం నిలుస్తుందో 1994 చెప్పింది. కాంగ్రెసు 26కు దిగింది.

1994 ఓటమికి కారణాలు చెప్పేవాళ్ళు సారా మాట ఎత్తుతారు గానీ దూబగుంటలో మొదలుపెట్టినవాళ్ళెవరో ఎత్తరు. అక్షరాస్యత తరగతుల నుంచి లేచి సారా దుకాణాలు మూయించిన ఆడవాళ్ళలో దళితులు, కూలీలు ఎంతోమంది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధించింది కాంగ్రెసు ప్రభుత్వమే, అయినా ఓడిపోయింది. నిషేధం ఇచ్చినారు, ఆ ఆడవాళ్ళను నాయకులుగా ఒప్పుకోలేదు. 1994 జులైలో ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడూ ఇదే వరస. మా వాటా ఏదని అడిగినవాడికి ‘మనమంతా ఒకటే గదా’ అని జవాబు చెప్పినారు. ఆ జవాబు ముప్పయ్యేళ్ళు చెప్పినారు. 2000 నాటి వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందని చెప్పేదాకా మధ్యేవామపక్షం వాళ్ళు రెండు వాడల్లో రెండు మాటలు మాట్లాడుతూనే గడిపినారు. ఆ ఖాళీలోకి 2023 నవంబరులో హైదరాబాదు పరేడ్ గ్రౌండు సభకు ప్రధానమంత్రి వచ్చి మాట ఇచ్చి పోయినాడు. మాదిగలు మతతత్వం వైపు పోయినారని ఇప్పుడు నిట్టూర్చేవాళ్ళను మేం ఒకటే అడుగుతాం. ముప్పయ్యేళ్ళలో మీ మాట ఏది? మాలల భయాన్ని గానీ, రెల్లివాళ్ళ ఊసును గానీ ఎదురుగా కూర్చుని మాట్లాడి తేల్చినారా? 2025లో రెల్లి, మాదిగ, మాల ఉపకులాల గుంపులకు 1, 6.5, 7.5 శాతం చొప్పున వాటాలు పడినాయి. పంచింది వీళ్ళు ‘ప్రమాదం’ అని చూపిస్తున్న కూటమి.

2004 గెలుపు మాత్రం కొంచెం నిలబడి చూడాల్సింది. 1999లో 91 స్థానాలు తెచ్చుకున్న కాంగ్రెసు 2004లో 185 గెలిచింది. దీనికి అందరూ 2003 పాదయాత్రను చెప్తారు, చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా రాజశేఖరరెడ్డి నడిచినాడని. నడిచినమాట నిజమే. తర్వాత వచ్చిన నాయకులందరూ దానినే మంత్రంగా పట్టుకుని చెప్పులరిగేట్టు నడిచినారు. కానీ 2009లో ఆ గెలుపును నిలబెట్టింది నడక కాదని మా వాదన. 2006 ఫిబ్రవరి 2న మా పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలయింది. అంతదాకా ఈ మెట్టప్రాంతాల్లో ఎండాకాలం కూలి ఎంతన్నది రైతు చెప్పేవాడు. అప్పు తీసుకున్న కూలోడు రైతు పిలిచినప్పుడు పోవాల్సిందే, ఇచ్చినంత తీసుకోవాల్సిందే. ప్రభుత్వం పని చూపించి, రేటు రాసి, డబ్బు పోస్టాఫీసులో వేసేసరికి ‘రేపు రాను’ అనే మాట వాడలో మొదటిసారి ధైర్యంగా పలికింది. రైతులు ‘కూలోళ్ళు దొరకడం లేదు, సోమరిపోతులయినారు’ అని వాపోయినారు. ఆ వాపోవడమే పథకం పనిచేసిందనడానికి సాక్ష్యం. దానికి ఫీజు రీయింబర్సుమెంటు తోడయింది. కూలోళ్ళ బిడ్డలు మదనపల్లె, తిరుపతి కాలేజీల్లో ఇంజనీరింగు చదివినారు. ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండూ మనిషిని ఊరి పెద్ద చేతిలోంచి కొంచెం ఇవతలికి లాగినాయి.

భూమి దగ్గరికొచ్చేసరికి అదే ప్రభుత్వం చేయి వెనక్కు తీసుకున్నది. 2004లో కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి కమిటీ వేసినారు. దళితుడైన ఆయన ఉపముఖ్యమంత్రిగా చేసినవాడు. అసైన్డు భూములు ఎట్లా చేతులు మారినాయో, రికార్డులు ఎట్లా తారుమారయినాయో ఆ కమిటీ 104 సిఫారసుల్లో చెప్పింది. ప్రభుత్వం కమిటీని మెచ్చుకున్నది, భూములను తిరిగి ఇప్పించే పనిని తాసిల్దార్లకు వదిలేసింది. తాసిల్దారు ఎవరి మాట వింటాడో పైనే చెప్పుకున్నాం.

2019 తర్వాతి అయిదేళ్ళు దీనికి తిరగేసిన బొమ్మ. డబ్బు మునుపెన్నడూ లేనంత నేరుగా ఇళ్ళకు వచ్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే మధ్యతరగతి వెటకారంతో మాకు పనిలేదు. అమ్మఒడి వచ్చిన నెలలో వాడలో పొయ్యి ఎట్లా వెలిగిందో మాకు తెలుసు. అయితే ఈ డబ్బు యాభై ఇళ్ళకొక వాలంటీరు దగ్గర ఆగింది. పింఛను ఇంటికొచ్చింది, మనిషి ఆఫీసుకు పోయే పని తప్పింది, మంచిదే. దాంతోపాటు నలుగురు కలిసి ఆఫీసుకు పోయి అడగటం కూడా తప్పింది. వాడలో పెద్దమనిషిగా నిలబడి అర్జీ రాయించే దళిత యువకుడికి పని పోయింది. ఉపాధి హామీ గుంపును తయారుచేస్తే మీట నొక్కుడు ఒక్కొక్కరినీ విడివిడి ఖాతాదారుగా మిగిల్చింది. ఖాతాదారుడు ఎక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకుకు మారితే తప్పేమిటి? 2024లో అవతలి కూటమి పింఛను నాలుగువేలు చేస్తామన్నది. బేరంగా మొదలుపెట్టినదాన్ని బేరంగానే ఓడించినారు.

గౌరవం విషయం ఇంకొకటి. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించినారు. 2022లో కోనసీమకు ఆయన పేరు పెట్టినందుకు అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టినా పేరు వెనక్కు తీసుకోలేదు, అది ఒప్పుకుంటాం. కానీ 2020 జులైలో సీతానగరం పోలీసు స్టేషనులో దళిత యువకుడికి గుండు గీసింది ఈ పాలనలోనే. 2022 మేలో కారు డ్రైవరుగా పనిచేసిన దళితుడి హత్యకేసులో అరెస్టయింది ఆ పార్టీ ఎమ్మెల్సీయే. 1996 నాటి వెంకటాయపాలెం శిరోముండనం కేసులో 2024 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు శిక్ష వేసిన నాయకుడు, తర్వాతి నెల మండపేటలో ఆ పార్టీ అభ్యర్థిగానే నిలబడినాడు. టిక్కెట్టు మార్చడానికి ఒక్క సంతకం చాలు. ఆ సంతకం పడలేదు. ఎవరి ఓటు పోతుందని భయపడినారో, ఎవరి ఓటు ఎట్లయినా పడుతుందని నమ్మినారో ఆ పడని సంతకమే చెప్తుంది.

పలమనేరు నుంచి నంగిలి దాటితే కర్ణాటక. అటువైపు కోలారు జిల్లా, దళిత సంఘర్ష సమితి బలంగా తిరిగిన నేల, బంగారు గనుల కూలీలు రిపబ్లికన్ పార్టీని అసెంబ్లీకి పంపిన నేల. 2018లో సొంతంగా మెజారిటీ తెచ్చుకోలేకపోయిన కాంగ్రెసు 2023లో అక్కడ 135 స్థానాలతో లేచింది. మన వ్యాఖ్యాతలు దాన్ని ‘అయిదు గ్యారంటీలు’ అని ఒక్క మాటలో ముగించినారు. గ్యారంటీల కింద పాత పునాది ఉంది. 1970ల్లో దేవరాజ్ అర్స్ భూసంస్కరణల ట్రిబ్యునళ్ళు, హావనూరు కమిషను, దళితులకిచ్చిన భూములు అన్యాక్రాంతం కాకుండా 1978లో చేసిన చట్టం. వీటి కోసం సంఘాలు పుట్టినాయి, పార్టీ చెప్పినా చెప్పకున్నా పోరాడినాయి, 2023లో వాటిలో చాలా సంఘాలు తమ షరతులతో కాంగ్రెసుకు మద్దతిచ్చినాయి. గెలిచిన రెండు నెలలకు, జులైలో, ఆ 1978 చట్టాన్ని సవరించినారు. ఆలస్యంగా కోర్టుకొచ్చినారన్న సాకుతో దళితుడి భూమి దావా కొట్టేయకూడదన్నది ఆ సవరణ. అదే 2023లో నంగిలికి ఇవతల మన ప్రభుత్వం 1977 అసైన్డు భూముల చట్టాన్ని సవరించింది. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చునన్నది ఈ సవరణ. అక్కడ పోయిన భూమి తిరిగి అడగటానికి వాకిలి తెరిచినారు, ఇక్కడ ఉన్న భూమి పోవడానికి తెరిచినారు. అమ్ముకునే హక్కు అగ్రకులాలకు ఉన్నప్పుడు మాకెందుకు ఉండకూడదని అడిగే దళితులున్నారు, ఆ వాదనలో బలముంది. కానీ డి.కె.టి. పట్టా చేతిలో ఉండి భూమి ఇంకొకరి సాగులో ఉన్నవాడికి ఆ హక్కు ఎందుకు పనికొస్తుంది? 2022 దాకా గంగవరంతో సహా ఈ ప్రాంతమంతటికీ రెవెన్యూ డివిజను మదనపల్లె. 2024 జులై 21 రాత్రి ఆ మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయినాయి. దర్యాప్తు సి.ఐ.డి.కి ఇచ్చినారు. ఎవరు కాల్చినారన్నది కోర్టు తేల్చాల్సిన విషయం. ఓడిన పార్టీ, గెలిచిన పార్టీ ఒకరినొకరు తిట్టుకున్నారు. ఏ వాడలో ఎవరి భూమి కాయితం అందులో కాలిందో జాబితా రాయించి, ఇంటింటికీ పోయి కొత్త నకళ్ళు తీయించే పని ఓడిన పార్టీ ఎత్తుకుని ఉంటే, అది వంద సమీక్షా సమావేశాల పెట్టు.

దళిత కార్యక్రమం పెట్టుకుంటే మిగతా కులాలు పోతాయి, ఓడిపోతాం అనే వాదన ఒకటుంది. దీనికి దిగ్విజయ్ సింగును సాక్ష్యంగా తెస్తారు. 2002 జనవరిలో భోపాల్‌లో దళిత మేధావులను కూర్చోబెట్టి ప్రకటన చేయించినాడు, 2003లో చిత్తుగా ఓడినాడు అని. మధ్యప్రదేశ్‌లో ఆ ఎన్నిక కరెంటు, రోడ్ల మీద జరిగిందని అప్పుడు అందరూ రాసినారు. ఇప్పుడు ఓటమిని భోపాల్ ప్రకటన నెత్తిన వేస్తున్నారు. రాయలసీమ రెడ్డి రైతు బోరు ఎండిపోతే ఓడించేది ప్రభుత్వాన్ని, దళితుడికి భూమి ఇప్పించినందుకు కాదు. 2004లో ఉచిత కరెంటుకు ఓటేసిన రైతూ, 2009లో ఉపాధి కూలికి ఓటేసిన కూలోడూ ఒకే పార్టీకి వేయగలిగినారు. వాళ్ళ ప్రయోజనాలు ఎదురెదురయినా ఇద్దరికీ వేరువేరు కారణాలు దొరికినాయి. కూటమి అంటే అందరినీ ఒకే వేదికమీద కూర్చోబెట్టి దండలు వేయించడం అనుకునేవాళ్ళకు ఇది అర్థం కాదు.

ఇక నాయకత్వం. దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయినాడు, 1962లో దించినారు. ఆ తర్వాత ఈ అరవై ఏళ్ళ పైచిలుకులో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో ఇంకో దళితుడు ఆ కుర్చీ ఎక్కలేదు. కాంగ్రెసు ఆంధ్రప్రదేశ్‌లో సున్నా అయిపోయిన తర్వాత 2020లో శైలజానాథ్‌ను రాష్ట్ర అధ్యక్షుణ్ణి చేసినారు. ఇల్లు కూలినాక తాళాలు చేతికిచ్చినట్టు. ఆయన 2025లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు పోయినాడు. జనరల్ అయిపోయిన పలమనేరులో 2009 నుంచి నాలుగు ఎన్నికలు జరిగినాయి, గెలిచినవాళ్ళలో దళితుడు ఒక్కడూ లేడు. జనరల్ సీటులో దళితుణ్ణి నిలబెట్టి గెలిపించుకునే పని ఏ పార్టీ తలకెత్తుకున్నా అది వట్టి టిక్కెట్టు మాటగా ఆగదు. అప్పుడు గానీ మిగతా కులాల ఓటరును అడగాల్సిన ప్రశ్న అడిగినట్టు కాదు.

పల్లె ఎన్నికలు ఇంకా కింది మెట్టు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవాల ఫలితాలు ప్రకటించొద్దని రాష్ట్ర ఎన్నికల కమిషనరు ఆపాల్సొచ్చింది. ఏకగ్రీవానికి ప్రభుత్వం బహుమానం ఇస్తుంది. పోటీ లేకుండా సర్పంచి అయిన దళితుణ్ణి ఎవరు ఎన్నుకున్నట్టు? నామినేషను వేయడానికి ఆఫీసు మెట్లెక్కి, ఎదుటివాడితో పోటీపడి, పది ఓట్లతో ఓడిపోయిన మాదిగ ఆడమనిషి ఆ ఊళ్ళో ఒక పార్టీకి అయిదేళ్ళు పనికొచ్చే మనిషి. ఏకగ్రీవం ఆ మనిషిని పుట్టకుండా చేసింది. అధికారంలో ఉన్నప్పుడు అది గెలుపనుకున్నారు. 2024లో పోలింగు బూతు దగ్గర ఏజెంటుగా కూర్చునే మనిషి కోసం వెతుక్కున్నప్పుడు గానీ దాని ఖరీదు తెలియలేదు. గంగవరం, పెద్దపంజాణి, బైరెడ్డిపల్లె, వి.కోట మండలాల్లో వచ్చే పంచాయతీ ఎన్నికలకు ఆ పార్టీ చేతిలో ఎన్ని దళితవాడల నుంచి, పెద్దరెడ్డి చెప్పకుండా తానై నామినేషను వేస్తానని వచ్చిన పేర్లున్నాయో, ఆ జాబితా చూపించమని అడుగుతున్నాం.